నికాన్ డీ40, కెనాన్ 400డీ: పాత కెమెరా కొనేముందు

నికాన్ డీ40, కెనాన్ ఈఓఎస్ 400డీ రెండూ 2006లో కొద్ది నెలల తేడాతో వెలువడిన ప్రారంభ స్థాయి డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాలు. సెకండ్ హ్యాండ్ విపణిలో వీటిని పోల్చేవారు ముందుగా చూసేది మెగాపిక్సెళ్లనే. కెనాన్‌లో అవి 10.1, నికాన్‌లో 6.1. అయితే ఏ4 కాగితంపై ముద్రణ వరకు 6 మెగాపిక్సెళ్లు సరిపోతాయి.

అసలు తేడా లెన్సు వద్ద ఉంది. డీ40 బాడీలో ఫోకస్ మోటారు లేదు. అందువల్ల 50 ఎంఎం ఎఫ్/1.8డీ వంటి పాత నికాన్ లెన్సులు దీనికి అమరినా, ఫోకస్‌ను చేతితోనే సరిచేసుకోవాలి. చౌకగా లెన్సు కొన్నవారికి ఈ సంగతి ఇంటికి వచ్చాకే తెలుస్తుంది. కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లో ఆటోఫోకస్ మోటారు లెన్సులోనే ఉంటుంది కనుక 400డీకి ఆ చిక్కు లేదు. పాత లెన్సులు సమకూర్చుకోదలచినవారికి ఇదే మేలు. ఫోకస్ బిందువులు సైతం ఇందులో 9, డీ40లో 3 మాత్రమే.

ఫ్లాష్ విషయంలో మాత్రం డీ40దే పైచేయి. సెకనులో 500వ వంతు షట్టర్ వేగం వరకు అది ఫ్లాష్‌తో పనిచేస్తుంది. 400డీ 200వ వంతు వద్దే ఆగుతుంది. మండుటెండలో పోర్ట్రెయిట్లు తీసేవారికి ఇది చిన్న విషయం కాదు. వీడియో, లైవ్ వ్యూ రెండింటిలోనూ లేవు. డీ40 ఎస్‌డీ కార్డుతో నడుస్తుంది, 400డీకి కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు వెతుక్కోవాలి.