రసాయన పటమునకు జయపురపు బాసట

ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రము చదివినవారు గోడకు వ్రేలాడు మూలకముల పట్టికను మఱచిపోజాలరు. 1869లో రష్యా దేశీయుడగు మెండలేయెవ్, అప్పటికి తెలిసిన 63 మూలకములను పరమాణుభారముల వరుసను కూర్చి, దొరకని వానికి గడులు ఖాళీగా విడిచెను. వానిలో అల్యూమినియము క్రిందిది 1875లో గాలియము కనుగొనబడుటతో నిండెను. 1885లో వియన్నాలో అచ్చయిన అట్టి పట్టిక పటమొకటి 2014లో స్కాట్లండు సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయపు సామాన్లగదిలో బయటపడినది. తరగతిగది పటములలో నేటికి తెలిసినంతవఱ కదియే మిక్కిలి ప్రాచీనమని పండితులు భావించుచున్నారు.

ఆ పటము అచ్చయిన నాటికి, నేడు ఒడిషాలోనున్న కొరాపుట్టును రాయగడయు జయపురపు జమీందారీలోనివి. ఆ జమీందారీ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమునకు చేరియుండెను. 1931లో జయపురమునకు అధిపతియైన విక్రమదేవవర్మ తెలుగు, ఒడియా, సంస్కృతములందు పండితుడు. 1926లో పుట్టి వాల్తేరునకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయము ధనలేమిచే కృశించుచుండగా, ఏటేటా లక్ష రూపాయలిచ్చుట కంగీకరించి దానిని నిలిపినది ఆయనయే. అందలి విజ్ఞాన, సాంకేతిక కళాశాలకు జయపుర విక్రమదేవుని పేరు పెట్టిరి. దేవాలయమునకు మాన్యమిచ్చిన ప్రభువులు మనకెందఱో కలరు. సాహిత్యరసికుడొకడు ప్రయోగశాలలకు ఇంత చేయూత నిచ్చుట అపూర్వమని నా నమ్మకము. 1933 మొదలు 1949 వఱకు రసాయనశాస్త్రజ్ఞుడు టి.ఆర్. శేషాద్రి ఆ విశ్వవిద్యాలయపు రసాయనశాఖను నడపి, ప్రత్తిపూల రంగులలోని ద్రవ్యముల రహస్యమును శోధించెను. ఆ విభాగము తీర్చిన శిష్యపరంపర తెలుగునేల విజ్ఞానమునకు వెన్నుదన్నైనది.

1936 ఏప్రిల్ 1న కొరాపుట్టు, రాయగడల మన్నెపు ప్రాంతము ఒడిషాలో చేరెను. 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లాయైనది.

అంతకుముందే, 1981లో స్థాపింపబడిన అల్యూమినియపు సంస్థ నాల్కో, కొరాపుట్టు జిల్లా పంచ్‌పట్మలి కొండపై అల్యూమినియపు ఖనిజమగు బాక్సైటును త్రవ్వి దామన్‌జోడిలో శుద్ధిచేయ మొదలిడెను. కాస్టిక్ సోడాతో వేడిమిని, పీడనమును చేర్చి ఖనిజమును కరిగించినపుడు ఇనుము మొదలగు మలినములు ఎఱ్ఱబురదగా మిగులును. అల్యూమినా ద్రావణములోనికి వచ్చును. ఒక అణువు అల్యూమినా రెండణువుల సోడాతో కూడి రెండణువుల సోడియం అల్యూమినేటును, ఒక అణువు నీటిని ఇచ్చునని పిల్లలు అభ్యాసపత్రములపై తుల్యము చేయు సమీకరణము దామన్‌జోడిలో రేయింబవళ్ళు జరుగుచున్నదే! ఆ అల్యూమినాలో కొంత విశాఖ రేవునుండి ఓడలకెక్కును. సోడా ఆ రేవుననే దిగును. జయపురము నాడు సముద్రతీరమునకు ధనము పంపినది, నేడు కొండ ఖనిజసారమును పంపుచున్నది.

కావున కొరాపుట్టు, రాయగడ బడుల ఉపాధ్యాయులకు నా విన్నపము: అచ్చుపటము ప్రక్కన మీ చేతితో మఱియొకటి వ్రాసి తగిలింపుడు. పంచ్‌పట్మలి నుండి విశాఖ దాక ఖనిజము నడచు దారిని గీయుడు, అల్యూమినియముదగు పదమూడవ గడిని రంగుతో గుర్తింపుడు, విక్రమదేవవర్మ పేరును అందు చేర్పుడు.