ఇంటికి తాళం వేసి ఊరెళ్తున్నారా? పోలీసు కెమెరా ఉచితమే.. కానీ ముందే అడగాలి

సంక్రాంతి, వేసవి సెలవులు, మూడు రోజుల తిరుమల ప్రయాణం.. కారణం ఏదైనా ఇంటిల్లిపాదీ కదిలితే గుమ్మానికి తాళం పడుతుంది. దొంగ వెతికేది కూడా ఆ తాళం కోసమే. ఇలాంటి ఇళ్లపై నిఘా పెట్టేందుకు ఆంధ్రప్రదేశ్ పోలీసులకు లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ (ఎల్‌హెచ్‌ఎంఎస్) ఉంది. దీనికి పైసా కట్టక్కర్లేదు.

గుర్రంకొండ, మదనపల్లె వైపు నుంచి వెళ్లి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తున్నారా? అయితే మీకు రెండు ఇళ్లున్నట్టే. అమ్మానాన్నలను నెల రోజులు మీ దగ్గరికి తెచ్చుకుంటే ఊళ్లో ఇల్లు ఖాళీ అవుతుంది. ఈ సేవ ఎక్కువగా పనికొచ్చేది అక్కడే.

ఎలా నమోదు చేసుకోవాలి?

ఫోన్‌లో ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ వేసుకుని పేరు, ఫోన్ నంబరు, చిరునామా ఇవ్వాలి. ఇల్లు ఎక్కడుందో జీపీఎస్‌తో గుర్తించాలి కాబట్టి ఈ పని ఆ ఇంట్లో ఉండగానే చేయాలి. బెంగళూరు ఫ్లాట్‌లో కూర్చుని ఊళ్లో ఇంటికి నమోదు చేయబోతే లొకేషన్ తప్పు పడుతుంది. పండక్కి వెళ్లినప్పుడే పూర్తి చేసి, వచ్చిన ఐడీని అమ్మానాన్నల ఫోన్‌లో కూడా దాచి పెట్టండి.

నమోదుతోనే నిఘా మొదలవదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఊరెళ్లే ప్రతిసారీ ఏ రోజు, ఏ గంటకు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగి వస్తున్నారో చెప్పి విడిగా అభ్యర్థన పంపాలి. అప్పుడు సిబ్బంది వచ్చి ఇంట్లో కెమెరా అమరుస్తారు. లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్ రూమ్‌కు హెచ్చరిక అందుతుంది, దగ్గర్లోని గస్తీ సిబ్బంది బయల్దేరతారు. కెమెరా బిగించేటప్పుడు ఎవరో ఒకరు ఇంట్లో ఉండి తలుపు తీయాలి కదా! బస్సెక్కాక అడిగితే లాభం లేదు. రెండు మూడు రోజుల ముందే అడగండి. మెయిన్ స్విచ్ ఆపి వెళ్లే అలవాటుంటే కెమెరాకు కరెంటు సంగతేమిటో బిగించే సిబ్బందినే అడిగి తెలుసుకోండి.

యాప్ కుదరకపోతే స్టేషన్‌కు వెళ్లి చిరునామా, తేదీలు, ఫోన్ నంబరు రాసివ్వండి. కెమెరా లేకపోయినా రాత్రి గస్తీలో ఆ వీధి మీద ఓ కన్నేసి ఉంచుతారు. తెలంగాణలో ఉండేవారు కూడా తమ పరిధిలోని స్టేషన్‌కు ఇలాగే చెప్పి వెళ్లొచ్చు.

కెమెరా ఉంది కదా అని బీరువాలో బంగారం వదిలేయకండి. బ్యాంకు లాకరు మేలు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం లాకరులోని సొత్తు దొంగతనానికి గురైతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అద్దె రూ.2,000 అయితే రూ.2 లక్షలన్నమాట. ఇప్పటి బంగారం ధరకు అది ఏ మూలకు? అందుకే నగలకు విడిగా బీమా ఉందో లేదో చూసుకోండి.

ఇక ముగ్గు సంగతి. నాలుగు రోజులుగా వాకిట్లో ముగ్గు లేకపోతే, అదీ ధనుర్మాసంలో, ఇంట్లో ఎవరూ లేరని వీధంతటికీ తెలిసిపోతుంది. పక్కింటి అక్కనో పిన్నినో నాలుగు గీతలు గీయమని, గుమ్మం ముందు పడిన పేపర్లు తీసేయమని అడగండి. పాలవాడికి రావద్దని చెప్పండి. రైల్లోంచే వాట్సాప్ స్టేటస్ పెట్టే సరదా తిరిగొచ్చాక తీర్చుకోవచ్చు.

దొంగతనం జరిగితే?

112కు ఫోన్ చేస్తే మీరున్న రాష్ట్రంలోని కేంద్రానికి కాల్ వెళ్తుంది. బెంగళూరు నుంచి గుర్రంకొండలో ఇంటి గురించి చెప్పాలంటే అక్కడి స్టేషన్ నంబరు మీ ఫోన్‌లో ఉండటమే దగ్గరి దారి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు కానీ 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. బీమా సంస్థ మొదట అడిగే కాగితం అదే. పోలీసులు వచ్చేదాకా పక్కింటివాళ్లను లోపలికి వెళ్లనివ్వకండి. సాయం చేద్దామని బీరువా తలుపు ముట్టుకున్నా వేలిముద్రలు చెరిగిపోతాయి.