‘యా హాఫిజ్’ హిసాబ్

చార్మినార్ ఎప్పుడు కట్టారంటే మన పిల్లలు ఠక్కున 1591 అంటారు. తారీఖ్ కితాబుల్లో ఉండేది హిజ్రీ 1000. దాన్ని ‘యా హాఫిజ్’ అనే రెండు మాటల్లో దాచారు. బిస్మిల్లాకి 786 ఎలా వచ్చిందో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. అబ్జద్ హిసాబ్‌లో యే 10, అలిఫ్ 1, బడీ హే 8, మళ్లీ అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. కూడితే సరిగ్గా వెయ్యి. ఉర్దూ మీడియంలో చదివినందుకు నాకు దక్కిన మజాల్లో ఇదొకటి.

అక్కడితో అయిపోలేదు. రాసి ఉన్న మాటకు మనకు ముందే తెలిసిన మాట కలిపి మూడోది తేల్చుకోవాలి. హిజ్రీ లెక్క 622 నుంచి కదా అని వెయ్యి కలిపితే 1622 వస్తుంది. కానీ కట్టించిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1612లోనే ఇంతెఖాల్ అయ్యాడు. పోయిన పదేళ్లకు పునాది ఎలా వేస్తాడు? చాంద్ లెక్కన ఏడాదికి 354 రోజులే, ఎప్పుడైనా 355. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరగడం ఇంట్లో చూస్తూనే ఉంటాం. ఆ తేడా వెయ్యేళ్లకు దాదాపు ముప్పై ఏళ్లవుతుంది. కాబట్టి హిజ్రీ 1000 అంటే 1591 అక్టోబర్ నుంచి 1592 అక్టోబర్ దాకా. అంటే ‘యా హాఫిజ్’లో 1591 అని లేదు, చదివినవాళ్లు తేల్చారు. ఆ రెండు మాటల్ని బట్టి 1592 అన్నా తప్పు పట్టలేం.

ఇక ప్లేగు కిస్సా. హాఫిజ్ అంటే కాపాడేవాడు కాబట్టి, వబా తగ్గిన షుక్రానాగా కట్టాడని చెబితే నమ్మబుద్ధవుతుంది. అయితే ఆ రెండు మాటల్లో వబా ఎక్కడా లేదు. హిజ్రీ వెయ్యో ఏడుకి నిషానీ అనేవాళ్లూ ఉన్నారు. కొత్త షహర్‌కి నాలుగు రస్తాలు కలిసే చోట నిలిపాడన్నది మాత్రం ఇప్పటికీ కళ్లకు కనబడేదే. లెక్కతో తేలిన సన్‌కీ, పేరుని పట్టుకుని అల్లిన కిస్సాకీ నేను ఒకే వజన్ ఇవ్వను. సన్‌ని ఇంకో తారీఖ్‌తో సరిచూడొచ్చు. కిస్సాకి ఆ జమానా గవాహీ కావాలి.

మన బాద్‌షాల మీద ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు ఎక్కువగా ఈ రెండో రకమే. తిట్టేవాటికి మనం గవాహీ అడుగుతాం. పొగిడేవాటిని ‘మాషా అల్లాహ్’ అని ఖాలాకి, ఫుప్పూకి పంపేస్తాం.

పిల్లల సోషల్ పుస్తకంలో 1591 పక్కన పెన్సిల్‌తో ‘హిజ్రీ 1000’ అని రాయండి. మిగతా హిసాబ్ వాళ్లనే కట్టనివ్వండి.