ఎసిడిటీ మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారా?

కాస్ట్‌కోలో ఒమెప్రజోల్ 42 మాత్రల పెట్టె అమ్ముతారు. 42 అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? 14 రోజుల కోర్సులు మూడు. ఆ పెట్టె మీదే సన్న అక్షరాలతో ఇంకో మాట కూడా ఉంటుంది: డాక్టరు చెబితే తప్ప నాలుగు నెలలకు ఒక కోర్సు మించి వాడకూడదని. అంటే లెక్క ప్రకారం ఆ పెట్టె ఒక మనిషికి ఏడాది పాటు రావాలి. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆరు వారాల్లో ఖాళీ అయిపోతుంది, మళ్ళీ శనివారం బియ్యం బస్తాతో పాటు కొత్త పెట్టె ఇంటికొస్తుంది.

ఇలా మూడేళ్ళు, అయిదేళ్ళు, పదేళ్ళు వాడుతున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి భోజనం, పదింటికి ఇండియా టీంతో కాన్ఫరెన్స్ కాల్, పదకొండున్నరకి పక్క మీదకి. ఇలాంటి దినచర్యలో గుండెమంట రాకపోతేనే ఆశ్చర్యం. మాత్ర వేసుకుంటే పోతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఏదో ఒక రోజు వాట్సాప్‌లో "ఎసిడిటీ మాత్రలతో కిడ్నీలు పోతాయట", "మతిమరుపు వస్తుందట" అని ఒక ఫార్వర్డ్ వస్తుంది. భయపడి మర్నాడే మానేస్తారు. వారం తిరగకుండా మంట రెట్టింపై, మళ్ళీ మొదలుపెడతారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళ కోసం. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఈ మాత్రలు నేనూ వాడినవాణ్ణే. మీ డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు తెలుసుకుని వెళితే బావుంటుందనిపించిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ మాత్ర ఏం చేస్తుంది?

ఒమెప్రజోల్ (ప్రైలోసెక్, మన ఒమెజ్), ఎసొమెప్రజోల్ (నెక్సియమ్), లాన్సొప్రజోల్ (ప్రెవాసిడ్), పాంటొప్రజోల్ (ప్రొటోనిక్స్, ఇండియాలో పాన్), రాబెప్రజోల్ (రాజో) అన్నీ ఒకే కుటుంబం. వీటిని ప్రోటాన్ పంప్ ఇన్హిబిటర్లు, పొట్టిగా పి.పి.ఐ.లు అంటారు. అమెరికాలో మొదటిది 1989లో ఎఫ్.డి.ఎ. అనుమతితో వచ్చింది, 2003 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతోంది. ఒమెజ్ మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వాళ్ళది. తెలుగునాట ఆ పేరు తెలియని ఇల్లు అరుదు.

కడుపు గోడలోని కణాల్లో ఆమ్లాన్ని బయటకు తోసే పంపులుంటాయి. మాత్రలోని మందు పేగులో కరిగి, రక్తంలో కలిసి, ఆ పంపుల దగ్గరకు చేరి, అప్పుడు పని చేస్తున్న పంపులకు అతుక్కుపోతుంది. పని చేయకుండా పడుకున్న పంపుల్ని అది పట్టుకోలేదు. మందు రక్తంలో ఉండేది కొద్ది గంటలే, కానీ అతుక్కున్న పంపు మాత్రం మళ్ళీ లేవదు. శరీరం కొత్త పంపు తయారు చేసుకోవాల్సిందే. అందుకే రోజుకొక్క మాత్ర సరిపోతుంది. పొద్దున్నే పరగడుపున, టిఫినుకి అరగంట నుంచి గంట ముందు వేసుకోమనేదీ అందుకే. మందు రక్తంలో ఉన్న సమయానికి తిండి పడి పంపులు లేవాలి. బిర్యానీ తిన్నాక రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటే సగం మందు వృథా. పైగా పూర్తి ప్రభావం కనబడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. "మాత్ర పని చెయ్యట్లేదు" అని రెండు పూటలా మొదలుపెట్టే ముందు, వేళకి వేసుకుంటున్నారో లేదో చూసుకోండి. చాలామందికి అక్కడే సమస్య తీరిపోతుంది.

శాకాహారులకి ఒక మాట. జెలటిన్ క్యాప్స్యూల్ ఇష్టం లేనివాళ్ళు ఒమెప్రజోల్ క్యాప్స్యూల్ విప్పి, లోపలి గింజల్ని ఒక చెంచాడు యాపిల్ సాస్‌లో కలిపి మింగవచ్చు. గింజల్ని నమలకూడదు, నమిలితే పై పూత పోయి మందు కడుపులోనే పాడైపోతుంది. పాంటొప్రజోల్ మాత్రని విరగ్గొట్టడం, పొడి చెయ్యడం కూడా ఇందుకే కూడదు.

భయపడవలసినవి, భయపడక్కర్లేనివి

పి.పి.ఐ.ల మీద వచ్చిన భయంకరమైన వార్తల్లో ఎక్కువ భాగం ఒకే రకం పరిశోధనల నుంచి వచ్చాయి. మాత్రలు వాడినవాళ్ళ రికార్డులు, వాడనివాళ్ళ రికార్డులు పోల్చి, ఎవరికి ఏ జబ్బు ఎక్కువ వచ్చిందో చూడటం. 2016లో కిడ్నీ జబ్బు గురించి, మతిమరుపు గురించి వచ్చినవి అలాంటివే. చిక్కేమిటంటే, ఈ మాత్రలు వాడేవాళ్ళు మామూలుగానే మిగతావాళ్ళ కంటే ఎక్కువ జబ్బులతో, ఎక్కువ బరువుతో, ఎక్కువ మందులతో ఉంటారు. జబ్బు మాత్ర వల్ల వచ్చిందా, మాత్ర అవసరపడ్డ పరిస్థితి వల్ల వచ్చిందా అన్నది రికార్డులు చూసి తేల్చడం కష్టం.

లాటరీ వేసినట్టు కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం ఒకటుంది. గుండె, రక్తనాళాల జబ్బులున్న 17,598 మందిలో సగం మందికి పాంటొప్రజోల్ 40 మిల్లీగ్రాములు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి దాదాపు మూడేళ్ళు గమనించారు. ఫలితాలు 2019లో వచ్చాయి. ఎముకలు విరగడం, కిడ్నీ జబ్బు, మతిమరుపు, న్యుమోనియా, వీటిలో దేనిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా కనబడింది పేగుల ఇన్ఫెక్షన్లలో. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 1.0 శాతం, అసలు మందు వాళ్ళలో 1.4 శాతం. మూడేళ్ళు చూస్తే తేలనిది పదిహేనేళ్ళ వాడకంలో తేలవచ్చు కదా అంటే, అది న్యాయమైన ప్రశ్నే. కానీ వాట్సాప్ భయానికీ ఈ అంకెలకీ మధ్య ఎంత దూరముందో చూడండి.

పేగుల ఇన్ఫెక్షన్ల సంగతి మాత్రం మనకి ప్రత్యేకంగా పనికొస్తుంది. కడుపులోని ఆమ్లం క్రిముల్ని చంపే మొదటి కాపలా. ఆ కాపలా తీసేసి సెలవులకి ఇండియా వెళ్ళి, దిగిన మర్నాడే రోడ్డు పక్క పానీపూరీ తింటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మాత్ర అవసరమైనవాళ్ళు మానక్కర్లేదు గానీ నీళ్ళ విషయంలో, పచ్చి చట్నీల విషయంలో జాగ్రత్త రెట్టింపు చెయ్యాలి. ఆంటీబయాటిక్స్ వాడాక తగ్గని నీళ్ళ విరేచనాలు వస్తే డాక్టరుకి ఈ మాత్రల సంగతి చెప్పాలి. సి. డిఫిసిల్ అనే క్రిమి గురించి ఎఫ్.డి.ఎ. 2012లో హెచ్చరించింది.

మెగ్నీషియం తగ్గడం అరుదే కానీ నిజం. 2011లో ఎఫ్.డి.ఎ. దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఎక్కువగా ఏడాది దాటి వాడినవాళ్ళలో కనబడింది. పిక్కలు పట్టెయ్యడం, చేతులు వణకడం, గుండె దడ దీని లక్షణాలు. ఎఫ్.డి.ఎ. పరిశీలించిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం మాత్రలిచ్చినా సరిపోలేదు, పి.పి.ఐ. మాన్పించాల్సి వచ్చింది. ఏడాదికోసారి చేయించుకునే మామూలు రక్తపరీక్షల్లో మెగ్నీషియం సాధారణంగా ఉండదు, అడిగి రాయించుకోవాలి. బీపీకి నీళ్ళ మాత్ర వాడేవాళ్ళు తప్పకుండా అడగాలి, ఎందుకంటే అదీ మెగ్నీషియాన్ని తగ్గిస్తుంది.

బి12 గురించి

మన వాళ్ళ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. తిండిలోని బి12 మాంసకృత్తులతో ముడిపడి ఉంటుంది, ఆ ముడి విప్పడానికి కడుపులో ఆమ్లం కావాలి. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే రికార్డుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్ళు ఆ పైన పి.పి.ఐ. వాడినవాళ్ళలో బి12 లోపం అవకాశం 65 శాతం ఎక్కువగా కనిపించింది. ఇదీ రికార్డుల పరిశోధనే, పైన చెప్పిన చిక్కు దీనికీ ఉంది. అయితే ఇక్కడ కారణం శరీరధర్మం రీత్యా స్పష్టంగా ఉంది, మాత్ర మోతాదు పెరిగిన కొద్దీ లోపమూ పెరిగింది.

ఇప్పుడు మన లెక్క వేయండి. శాకాహారికి బి12 వచ్చేది పాలూ పెరుగూ నుంచే, అదీ అంతంతమాత్రం. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ని తగ్గిస్తుంది. ఇంట్లో మాంసం తినని, మెట్‌ఫార్మిన్ వేసుకునే, పొద్దున్నే పాన్ 40 మింగే మనిషి ఒకరుంటే (మనలో చాలామందికి అది నాన్నగారో, అత్తగారో) మూడు వైపుల నుంచీ కోత పడుతోందన్నమాట. అరికాళ్ళ తిమ్మిర్లు వచ్చినప్పుడు "షుగరు వల్లేలే" అని సరిపెట్టుకుంటారు. కారణం బి12 కూడా కావచ్చు, ఆలస్యమైతే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. పరీక్ష చిన్నది, మందు చవక. మాత్రల్లోని బి12కి ఆ ముడి ఉండదు కాబట్టి ఆమ్లం తక్కువైనా పని చేస్తుంది.

ఇనుము కూడా ఆమ్లం లేకపోతే సరిగ్గా ఒంటబట్టదు. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్ళు హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ చూపించుకోవాలి. కాల్షియం మాత్రలు వేసుకునేవాళ్ళు కార్బొనేట్ బదులు సిట్రేట్ రకం అడగండి, దానికి ఆమ్లంతో పని లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు, పి.పి.ఐ. మొదలుపెట్టినా మానేసినా, కొన్ని వారాల తర్వాత టి.ఎస్.హెచ్. మళ్ళీ చేయించుకోవాలి.

మానేస్తే మంట ఎందుకు పెరుగుతుంది?

ఆమ్లం తగ్గేసరికి శరీరం ఊరుకోదు, గ్యాస్ట్రిన్ అనే హార్మోను పెంచుతుంది. దాని ప్రభావంతో ఆమ్లం తయారీకి ప్రోత్సాహమిచ్చే కణాలు పెరుగుతాయి. మాత్ర ఉన్నన్నాళ్ళూ ఇది బయటికి తెలియదు. హఠాత్తుగా మాత్ర తీసేస్తే ఆ పెరిగిన సైన్యమంతా ఒక్కసారి పనిలోకి దిగుతుంది. డెన్మార్క్‌లో 2009లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపించింది. గుండెమంట అంటే ఏమిటో తెలియని 120 మంది ఆరోగ్యవంతుల్లో సగం మందికి ఎనిమిది వారాలు ఎసొమెప్రజోల్ ఇచ్చి ఆపేశారు. తర్వాతి వారాల్లో వాళ్ళలో 44 శాతం మందికి మంట, పుల్లటి త్రేన్పులు వంటివి వచ్చాయి, మొదట్నించీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 15 శాతం మందికి. అంటే మానేసిన వారంలో వచ్చే మంట "నాకు ఈ మాత్ర జీవితాంతం కావాలి" అనడానికి రుజువు కాదు. మా ఉద్యోగాల్లో తాత్కాలికమని పెట్టిన కోడు పదేళ్ళు ప్రొడక్షన్‌లో ఉండిపోయి, తీద్దామంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి చూడండి, ఇదీ దాదాపు అంతే.

ముందు మానకూడనివాళ్ళెవరో చెబుతాను. బారెట్స్ ఈసోఫేగస్ ఉన్నవాళ్ళు, ఎండోస్కోపీలో అన్నవాహిక బాగా పుండుపడిందని తేలినవాళ్ళు, కడుపులో పుండు నుంచి రక్తం పోయిన చరిత్ర ఉన్నవాళ్ళు, ఆస్పిరిన్‌తో పాటు రక్తం పల్చబడే మందులు వాడుతున్న పెద్దవాళ్ళు. వీళ్ళకి మాత్ర చేసే మేలు ఏ దుష్ప్రభావం కంటే కూడా పెద్దది. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ 2022లో ఇచ్చిన సూచనల సారం కూడా ఇదే: దుష్ప్రభావాల భయంతో మాన్పించవద్దు, అవసరం లేకపోతే మాన్పించండి.

మిగతావాళ్ళు డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోవచ్చు. రెండు పూటలా వేసుకునేవాళ్ళు మొదట ఒక పూటకి రావాలి. 40 నుంచి 20 మిల్లీగ్రాములకి, కొన్ని వారాల తర్వాత రోజు విడిచి రోజుకి. ఒకేసారి ఆపినా తప్పు లేదని ఆ సూచనలు అంటాయి గానీ, మెల్లగా దిగడమే మనసుకి తేలిక అని నా అభిప్రాయం. మధ్యలో మంట వచ్చిన రోజు టమ్స్ లాంటి ఆంటాసిడ్ గానీ ఫామొటిడిన్ (పెప్సిడ్) గానీ వేసుకోవచ్చు. ఫామొటిడిన్ రోజూ వాడితే రెండు వారాల్లోనే పట్టు తగ్గుతుంది, అవసరమైన రోజుకి దాచుకోవడం మేలు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి దాని మోతాదు తగ్గించాలి. వంటసోడా నీళ్ళు, ఈనో లాంటివి బీపీ ఉన్నవాళ్ళకి మంచివి కావు, వాటి నిండా సోడియమే. మానిన తర్వాత మంట రెండు నెలలు దాటినా తీవ్రంగా ఉంటే అది మాత్ర మానడం వల్ల వచ్చినది కాదు, మళ్ళీ డాక్టరు చూడాలి.

2023 నుంచి అమెరికాలో వొనొప్రజాన్ అనే కొత్త రకం దొరుకుతోంది. తిండి వేళతో సంబంధం లేకుండా పని చేస్తుంది. అయితే అదీ గ్యాస్ట్రిన్‌ని పెంచేదే.

మాత్ర తగ్గించేటప్పుడు అలవాట్లు కొన్ని మారకపోతే పని జరగదు. భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి, ఇది మిగతా అన్నిటికంటే ముఖ్యం. మంచం తలవైపు కాళ్ళ కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు పెట్టాలి (రెండు దిళ్ళు వేసుకుంటే నడుం వంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, లాభం లేదు). ఎడమ వైపు తిరిగి పడుకోవాలి. పొట్ట తగ్గాలి. ఆవకాయ మానమని నేను అనను. ఎవరికి ఏది పడదో వాళ్ళే కనిపెట్టుకోవాలి. కొందరికి ఆవకాయ కంటే పొద్దుటి రెండో కాఫీయే శత్రువు.

ఇండియా నుంచి తెచ్చే మాత్రలు

పాన్-డి లాంటి పేర్లలో "డి" అంటే డొంపెరిడోన్. ఇది అమెరికాలో అనుమతి లేని మందు. కొందరిలో గుండె లయ తప్పే ప్రమాదముంది, ముఖ్యంగా కొన్ని రకాల ఆంటీబయాటిక్స్, ఫంగస్ మందులతో కలిస్తే. ఇక్కడి డాక్టరుకి మీరు చెప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు. సూట్‌కేసులో పాత రాంటాక్, జింటాక్ మాత్రలు ఉంటే పారెయ్యండి. రానిటిడిన్‌లో ఎన్.డి.ఎమ్.ఎ. అనే కల్మషం ఏర్పడుతోందని 2020 ఏప్రిల్‌లో ఎఫ్.డి.ఎ. దాన్ని మార్కెట్ నుంచి తీసెయ్యమంది.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల మందుల సంచీ కూడా ఒకసారి చూడండి. స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్ళు ఒమెప్రజోల్ గానీ ఎసొమెప్రజోల్ గానీ కలిపి వాడకూడదు, క్లోపిడోగ్రెల్ ప్రభావం తగ్గుతుంది. పాంటొప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. మాత్ర మాన్పించకండి, ఏది వాడాలో వాళ్ళ కార్డియాలజిస్టుని ఫోన్ చేసి అడగండి.

మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, రక్తహీనత, వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు, ఎండోస్కోపీ గురించి అడగాలి. హెచ్. పైలోరి క్రిమి మన దేశంలో పెరిగినవాళ్ళలో చాలా ఎక్కువ. దాని శ్వాస పరీక్షకి గానీ మల పరీక్షకి గానీ రెండు వారాల ముందు పి.పి.ఐ. ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. మెట్లెక్కుతుంటే వచ్చే ఛాతీ బరువు, చెమటలతో, ఎడమ చెయ్యి లాగడంతో వచ్చే "గ్యాస్ నొప్పి" కడుపుది అనుకుని ఆంటాసిడ్ తాగి కూర్చోకండి, వెంటనే 911కి ఫోన్ చెయ్యండి. మన వాళ్ళలో గుండెజబ్బు మిగతావారి కంటే చిన్న వయసులోనే వస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్ళండి: ఈ మాత్ర ఎవరు, ఎప్పుడు, ఎందుకు మొదలుపెట్టారు, ఎంత మోతాదు, రోజులో ఏ వేళకి, ఇంకా ఏయే మందులు (ఇండియావి, ఆయుర్వేదం, విటమిన్లతో సహా), చివరిసారి బి12, మెగ్నీషియం, కిడ్నీ పరీక్షలు ఎప్పుడు. "ఎందుకు మొదలుపెట్టారు" దగ్గర జవాబు దొరక్కపోతే, డాక్టర్ని ముందుగా అడగాల్సింది ఆ ప్రశ్నే.