తెలుగు పలుకునకు వేదిక



సభ పలువురిది, వేదిక కొందరి చేతిలోనిది. ఆ కొందరు వేదికను తమ భాషలకే పరిమితము గావించినచో తక్కినవా రేమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన పూర్వులిచ్చిన సమాధానము స్మరణీయమైనది.

1921 నవంబరులో హైదరాబాదున నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు మహర్షి కర్వే. ఉర్దూ, మరాఠీ, ఆంగ్ల భాషలలో నుపన్యాసములు సాగినవి. న్యాయవాదియగు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగనే సభలో కేకలు, గేలి చెలరేగెను. రాష్ట్రమున దాదాపు సగముమంది మాటలాడు భాషకు ఆ వేదికపై చోటు దక్కలేదు.

మనవారు అలిగి యింటికిపోయి యూరకుండలేదు. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట చేరి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి మూలస్తంభమైరి. 1923 ఏప్రిలులో ఆంధ్రజన కేంద్రసంఘపు ప్రథమ సమావేశము మన హనుమకొండలో, 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమున జరిగెను. గ్రంథాలయములను పెంచుట, వెట్టిచాకిరిని గూర్చి ప్రజలకు దెలుపుట, శాసనములను సేకరించుట మొదలగు పనులు సాగినవి. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగెను.

ఇక్కడ నొక విశేషము గలదు. ఆ మహాసభయు మొదట తన వేదికను తెలుగునకే పరిమితము చేసెను. గేలికి గురియైనవారే ద్వారపాలకులైరి! 1937లో నిజామాబాదు సభయందు అన్యభాషలవారికిని మాటలాడు నవకాశము కల్పించి ఆ కొరతను దీర్చుకొనిరి.

కావున పెద్దలారా, మీ గ్రామసభలో నెవరి యాస వేరైనను, ఎవరి మాట తడబడినను, వారిని చెప్పనిండు. వినువారు లేచిపోయిన వేదిక వట్టి బల్లచెక్కయే గదా!