యుద్ధం విడిచిన జీపులు

యుద్ధాల చరిత్ర చదివేటప్పుడు ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, సంధి ఎక్కడ కుదిరింది అన్న సంగతులు నేర్చుకుంటాము. యుద్ధం కోసం తయారుచేసిన సామగ్రి ఆ తరువాత ఏమయిందన్న ప్రశ్న మాత్రం పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. 1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఒక్క అమెరికాలో తయారయిన జీపులే సుమారు 6,40,000. సైనికులు ఓడలెక్కి ఇళ్ళకు వెళ్ళిపోయారు. వాడి పారేసిన బండ్లను కూడా సముద్రాలు దాటించి తీసుకుపోవడం గిట్టుబాటయ్యే పని కాదు. అందుచేత చాలా జీపులు ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. కొన్ని సముద్రం పాలయ్యాయి, కొన్ని తుక్కు కింద కరిగిపోయాయి. మరికొన్ని మరమ్మతు పొంది ఈనాటికీ నడుస్తున్నాయి. ఈ మూడవ రకం ఎలా సాధ్యమయిందో విచారిద్దాము.

1940 వేసవిలో జర్మనీ సైన్యం కొద్ది వారాలలోనే ఫ్రాన్సును లోబరచుకున్నది. అదే సంవత్సరం జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే తేలికపాటి బండి కావాలి; మొదటి నమూనా 49 రోజులలో చేతికి రావాలి. జవాబిచ్చినవి రెండే కంపెనీలు. వాటిలో ఒకటి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ పట్టణంలో, దివాలాకు దగ్గరగా ఉన్న బాంటమ్ కంపెనీ. అది కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు చేత హడావుడిగా పటాలు గీయించి, సెప్టెంబరు 23న, గడువు దాటకుండా నమూనాను అప్పగించింది. కాని అంత చిన్న కంపెనీ లక్షల బండ్లు చేయగలదన్న నమ్మకం సైన్యానికి కలుగలేదు. దాని నమూనాను విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు చూపించింది. 1941లో చివరకు ఎంపికయినది విల్లీస్ వారి బండి. డెల్మర్ రూస్ అనే ఇంజనీరు తీర్చిదిద్దిన 60 అశ్వశక్తి ఇంజను అందుకు ముఖ్య కారణం. జీపును మొదట కన్న బాంటమ్ కంపెనీ జీపుల వెనుక తగిలించే ట్రైలర్లు చేసుకుంటూ యుద్ధకాలం గడిపింది. ఇది న్యాయమేనా అని అడిగితే కాదనే చెప్పాలి.

విల్లీస్ ఒక్కటే సైన్యానికి కావలసినన్ని బండ్లు అందించలేదు. కాబట్టి అవే పటాల ప్రకారం ఫోర్డ్ కూడా అదే బండిని చేయాలని ఏర్పాటయింది. విల్లీస్ దాదాపు 3,60,000, ఫోర్డ్ దాదాపు 2,80,000 చేశాయి. ఒకరి బండిలోని భాగం మరొకరి బండికి అతకాలన్నది నియమం. దారిలో రెండు జీపులు విరిగిపడితే, రెంటినీ విప్పి ఒక నడిచే జీపును కూర్చగలగాలి. ఈ ఆలోచన అప్పటికి కొత్తది కాదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్థుడు హొనొరే బ్లాంక్ తుపాకులను ఈ పద్ధతిలో చేయబూనుకున్నాడు. 1785లో థామస్ జెఫర్సన్ ఆయన దగ్గరకు వెళ్ళి, కలగలిపి ఉంచిన ముక్కలలోంచి చేతికి వచ్చినవి తీసుకుని, తుపాకిని పేల్చే భాగాన్ని తానే కూర్చి చూశాడు. ఇది జరగాలంటే కొలత ఒక్కటిగా ఉంటే చాలదు. ఏ కొలతలో ఎంత తేడాను సహించవచ్చునో కూడా ముందే నిర్ణయించి, దానికి తగిన గేజీలతో ప్రతి ముక్కనూ పరీక్షించాలి.

అయితే జీపులో ప్రతి భాగమూ ఇలాగే ఉన్నదని అనుకోరాదు. ముందు చక్రాలు ఒకవైపు మలుపు తిరుగుతూ, మరొకవైపు ఇంజను శక్తిని అందుకోవాలి. అక్కడ మామూలు కీలు పెడితే మలుపులో చక్రం ఒకే వేగంతో తిరగక కుదుపులు పుడతాయి. ఆ చిక్కు తీర్చే ప్రత్యేకమైన కీళ్ళను బెండిక్స్, జెప్పా, ట్రాక్టా వంటి వేరువేరు నమూనాలలో వాడారు. పాత జీపు కొన్నవాడు తన బండిలో ఏది ఉన్నదో విప్పి చూసుకోవలసిందే!

ఇక ఆ బండ్ల గతి చూడండి. దక్షిణ పసిఫిక్ లోని న్యూహెబ్రిడీస్ దీవులను (నేటి వనువాతు దేశం) అప్పట్లో బ్రిటిషు, ఫ్రెంచి ప్రభుత్వాలు ఉమ్మడిగా పాలించేవి. అందులోని ఎస్పిరిటు సాంటో దీవిలో అమెరికన్లకు పెద్ద స్థావరం ఉండేది. యుద్ధం కాగానే మిగిలిన సామగ్రిని చవకగా ఇస్తామన్నారు. ఎలాగూ వదిలిపోతారు గదా, ఊరికే దక్కుతుందని పాలకులు కొనలేదు. అమెరికన్లు ఊరికే ఇవ్వదలచలేదు. లారీలు, జీపులు, బుల్డోజర్లు వరుసగా తీసుకుపోయి సముద్రంలోకి తోసివేశారు. ఆ చోటుకు ‘మిలియన్ డాలర్ పాయింట్’ అన్న పేరు నిలిచిపోయింది.

ఫిలిప్పీన్సులో కథ వేరుగా నడిచింది. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల పోరులో మనీలా నగరం నేలమట్టమయింది. ట్రాములు కూడా నాశనమయ్యాయి. జనానికి పనికి పోవడానికి బండి లేదు. సైన్యం విడిచిన జీపులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. అక్కడి పనివారు జీపు వెనుకభాగాన్ని పొడిగించి, ఎదురెదురుగా రెండు పొడవైన బల్లలు బిగించి, పైన కప్పు వేసి, పదిమంది ఎక్కే బండిగా మార్చారు. అదే ‘జీప్నీ’. అంతకుముందు గుర్రపు బండి తోలిన లియొనార్డో సరావో 1953లో జీప్నీలు చేసే పనిశాల పెట్టి పేరు పొందాడు. రంగులు, బొమ్మలు, రేకు గుర్రాలు తరువాత వచ్చి చేరిన అలంకారాలు.

మన దేశానికీ యుద్ధకాలంలో అమెరికన్ సైన్యంతో పాటు చాలా సామగ్రి వచ్చింది. 1946 మే నెలలో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంలో మిగిలిన సామగ్రి సంగతి కూడా తేల్చుకున్నారు. ‘డిస్పోజల్స్ సామాను’ అన్న మాట ఆ రోజులలో వ్యాపారుల నోట బాగా నలిగింది. తరువాత మహీంద్రా వారు విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చసాగారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమయిన మీదట, జీపు పల్లెటూళ్ళకు అధికారుల బండిగా పరిచయమయింది. మన వైపు ‘సమితి జీపు’ అంటే పాత తరం వారికి ఇప్పటికీ తెలుసు. బండిబాటలలో అది నడవడానికి కిటుకు గేర్లలో ఉన్నది. యుద్ధకాలపు జీపులో అతి తక్కువ గేరు వేస్తే ఇంజను సుమారు 25 చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గిన మేరకు లాగే బలం పెరుగుతుంది.

కాశ్మీరులో పోరు సాగుతున్న 1948లో లండనులోని మన హైకమిషనర్ వి. కె. కృష్ణమీనన్ ఒక విదేశీ కంపెనీతో సైన్యానికి జీపుల కోసం 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. దేశానికి చేరినవి 155 బండ్లు. తీవ్ర విమర్శలు వచ్చాయి. 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారం ముగిసినదని ప్రకటించింది. రాజకీయాలు మనకు వద్దు. వాడిన సైనిక వాహనాల బేరంలో శాస్త్ర విద్యార్థి పట్టించుకోవలసినది ‘బాగుచేసిన బండి’ అన్న మాట. పైన రంగు పూసినా బాగుచేసినట్లే, ప్రతి భాగాన్నీ కొలిచి సరిచేసినా బాగుచేసినట్లే! ఈ రెంటి మధ్య తేడా కంటికి కనిపించదు, కొలిస్తేనే తెలుస్తుంది.

ఇంజను సిలిండరునే తీసుకోండి. విల్లీస్ ఇంజనులో నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని లోపలి వ్యాసం 3.125 అంగుళాలు; పిస్టను నడిచే దూరం 4.375 అంగుళాలు. మొత్తం పరిమాణం విద్యార్థులు లెక్కవేస్తే 134 ఘనపుటంగుళాలు పైచిలుకు వస్తుంది. ఏళ్ళ తరబడి నడిచాక సిలిండరు సమంగా అరగదు. మంట మండే పైభాగంలో వేడిమి ఎక్కువ, నూనె తక్కువ. అక్కడ ఎక్కువగా అరుగుతుంది. పిస్టను ఒక పక్కకు ఒరిగి నెడుతుంది గనుక గుండ్రని రంధ్రం కోలగా మారుతుంది. దీనికి మందు విచిత్రమైనది: అరిగినదాన్ని ఇంకా కోసివేయడమే. రంధ్రాన్ని మళ్ళీ గుండ్రంగా అయ్యేవరకు తొలిచి, అంగుళంలో వెయ్యింట 20 లేక 30 వంతులు లావయిన పిస్టను వేస్తారు. ఆ లావు పిస్టన్లు కూడా ముందే నిర్ణయించిన కొలతలలో దొరుకుతాయి. కాబట్టి మనీలాలో అరిగిన ఇంజనును మద్రాసులో కొన్న పిస్టనుతో బాగుచేయవచ్చు.

ఇనుప రేకుల సంగతి ఇంత సులభం కాదు. నీరు, గాలిలోని ఆక్సిజను కలిసి ఇనుమును తినే విద్యుద్రసాయనిక చర్యే తుప్పు. జీపు నేల రేకుకు కింద బలం కోసం తాపిన బోలు పట్టీలలో కర్ర ముక్కలు ఉంచారు. ఆ కర్ర నీరు పీల్చి పట్టుకుంటుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల రేకు చివికిపోతుంది. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట కూడా అంతే. తెలిసినవాడు బేరమాడేముందు రంగు చూడడు, బండి కిందికి దూరి చిన్న సుత్తితో తట్టి చప్పుడు వింటాడు.

అమెరికాలో, యూరపులో ఈ బండ్లను మొదటి రూపానికి తేవడం ఒక వేడుకగా పెరిగింది. 50 డాలర్లకే పెట్టెలో కొత్త జీపు వస్తుందన్న కథ అక్కడ చాలాకాలం వినిపించింది. యుద్ధకాలంలో జీపులను పెట్టెలలో సర్ది ఓడలకెక్కించిన మాట నిజమే. ఆ ధరకు జీపు దక్కడం మాత్రం కథే. వేడుకరులు చట్రంలో ముందు అడ్డకమ్మీ చూస్తారు: గుండ్రని గొట్టమయితే విల్లీస్, తిరగేసిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వారు బోల్టుల తలలపై కూడా ‘ఎఫ్’ అక్షరం వేశారు. ఆ అక్షరం ఉన్న బోల్టుల కోసం సంవత్సరాల తరబడి వెదికేవారున్నారు. అతకడంలో తేడా లేని బోల్టు కోసం ఇంత తాపత్రయమెందుకో నాకు అర్థం కాదు గాని, వారి పట్టుదల వల్లనే పాత పటాలు, పనిముట్ల పుస్తకాలు నశించకుండా మిగిలాయి.

తుప్పు తిన్న ఒళ్ళు పూర్తిగా పోయినప్పుడు ఈ వేడుకరులు అదే కొలతలతో కొత్తగా నొక్కిన రేకు ఒళ్ళు తెప్పించుకుంటారు. వాటిలో చాలా భాగం వస్తున్నది ఫిలిప్పీన్సు నుంచి.