ఎర్ర గుర్తు లేని కార్డు

1986లో మా చెల్లెలు రెండో కాన్పుకి పుట్టింటికి వచ్చింది. తనతో రెండు కాగితాలు తెచ్చుకుంది. ఒకటి సిద్ధాంతి గారు చూసి ఏ గండమూ లేదని చెప్పిన జాతకం. రెండోది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన తల్లి కార్డు. వయసు, ఎత్తు, బరువు, రక్తపోటు, మొదటి కాన్పు ఎలా జరిగింది, అన్నీ రాసి ప్రమాద లక్షణాల గళ్లలో నర్సమ్మ "లేదు" అని వరసగా నింపింది. మొదటి కాగితాన్ని చూసి నేను వెక్కిరించాను. రెండోదాన్ని నమ్మాను.

బిడ్డ క్షేమంగా పుట్టింది. మాయ పడ్డాక రక్తస్రావం ఆగలేదు. అద్దె కారు దొరికి పట్నం ఆస్పత్రికి చేరేసరికి అక్కడ ఆమె గ్రూపు రక్తం లేదు. తెల్లవారేలోపే పోయింది.

జాతకం తప్పినందుకు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. కార్డు ఎందుకు తప్పింది అన్నది మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది. రిటైరయ్యాక తీరిక దొరికి దీని చరిత్ర వెతుక్కుంటూ చదివాను. నేను డాక్టర్ని కాను. బీకాం చదివి రక్షణ శాఖ పద్దులు చూసి బతికినవాణ్ణి. పొరపాట్లుంటే డాక్టరు మిత్రులు దిద్దగలరు.

గర్భిణిని జబ్బు రాకముందే పరీక్షించాలన్న ఆలోచన అంత పాతదేమీ కాదు. మన పల్లెల్లో గుర్రపువాతం అంటారే, ఆ ఫిట్స్ జబ్బు (గాలి సోకిందని వేపమండలతో కొట్టేవారు కూడా) వచ్చిన స్త్రీల మూత్రంలో ఆల్బుమిన్ ఉంటుందని లండన్ గైస్ ఆస్పత్రిలో లీవర్ అనే వైద్యుడు 1843లో గమనించాడు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని రివా-రోచి 1896లో తెచ్చాడు. ఎడింబరోలో బాలంటైన్ 1901లో, కాన్పుకి ముందే గర్భిణులను చేర్చుకునే ఆస్పత్రులు కావాలని వాదించాడు. ఆయన ధ్యాస తల్లి కంటే కడుపులో బిడ్డ మీదే ఎక్కువ.

దీన్ని దేశమంతటికీ ఒకే కొలతకు తెచ్చింది 1929లో బ్రిటిష్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ. 16వ వారంలో మొదటి పరీక్ష, తర్వాత 24, 28 వారాలకు, అక్కణ్ణుంచి 36 వరకూ పదిహేను రోజులకోసారి, ఆపైన వారం వారం. ఈ పట్టికే కొద్ది మార్పులతో ప్రపంచమంతా పాకింది. ఇన్నిసార్లే ఎందుకు, ఈ వారాల్లోనే ఎందుకు అనడానికి అప్పట్లో ఏ ప్రయోగమూ జరగలేదు. క్లినిక్కులు పెరిగాయి గాని, ఇంగ్లండ్, వేల్స్‌లో వెయ్యి ప్రసవాలకు నలుగురికి పైగా తల్లులు చనిపోవడం 1930ల మధ్య దాకా అలాగే ఉంది. ఆ తర్వాత సల్ఫా మందులు, రక్తమార్పిడి, ఎర్గోమెట్రిన్, పెన్సిలిన్ వచ్చాక లెక్క వేగంగా పడిపోయింది. గర్భిణి పరీక్షల వ్యవస్థను ఎవరూ గట్టిగా బేరీజు వేయలేదని ఆర్చీ కోక్రేన్ 1972లో ఎత్తిచూపాడు. సైన్సు పేరుతో నడిచే దాన్ని సైన్సు అడిగే ప్రశ్న అడగడానికి నలభై ఏళ్లు పట్టింది!

ఇక మా చెల్లెలి కార్డు సంగతి. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ "రిస్కు పద్ధతి"ని ముందుకు తెచ్చింది. బీద దేశాల్లో అందరికీ డాక్టరుండడు కాబట్టి ప్రమాదం ఉన్నవాళ్లను ముందే ఏరి, వాళ్లను పెద్దాసుపత్రికి పంపాలి. పొట్టివాళ్లు, మరీ చిన్న వయసువాళ్లు, వయసు మీరినవాళ్లు, నాలుగైదు కాన్పులైనవాళ్లు, వెనక సిజేరియన్ అయినవాళ్లు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. నాకైతే అచ్చం ఆడిట్ లాగే అనిపించింది.

అప్పటి జైర్‌లోని కసోంగోలో 1970ల లెక్కలు విశ్లేషించి 1984లో ప్రచురించారు. బిడ్డ అడ్డం తిరిగో, దారి చాలకో కాన్పు ఆగిపోయిన స్త్రీలలో 71 శాతం మందిని జాబితా ముందుగా పట్టుకోలేదు. ప్రమాదం అని గుర్తు పెట్టినవాళ్లలో 90 శాతం మందికి ఆ చిక్కు రానేలేదు.

ఇదెలా సాధ్యమని అడిగే మిత్రుల కోసం ఒక ఊహాలెక్క. వెయ్యిమంది గర్భిణులున్నారనుకోండి. 200 మందికి ఎర్ర గుర్తు పెట్టాం. వాళ్లలో నూటికి 5 మందికి చిక్కు వస్తుంది, అంటే 10 మందికి. గుర్తు లేని 800 మందిలో నూటికి ఇద్దరికే వస్తుంది, అంటే 16 మందికి. ఎర్ర గుర్తు ఉన్నవాళ్లకు ప్రమాదం రెండున్నర రెట్లు. అయినా చిక్కుల్లో పడినవాళ్లలో ఎక్కువమంది గుర్తు లేనివాళ్లే. ఇందులో జాబితా అబద్ధమాడింది లేదు. మా ఆఫీసులోనూ పెద్ద మొత్తాల బిల్లుల మీద ఎర్ర పెన్సిల్ పడేది, చిన్న బిల్లులు నూటికి ఇన్ని అని చూసేవాళ్లం. ఓసారి బయటపడిన గోల్‌మాల్ అంతా ఆ చిన్న బిల్లుల్లోదే. ఆడిట్‌లో పోయేది డబ్బు, రికవరీ పెట్టొచ్చు.

ప్రసవం తర్వాత రక్తస్రావం ఈ కోవలో మొదటిది. ఎక్కువమందిలో ముందస్తు లక్షణమేదీ ఉండదు. అందుకే ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా, గుర్తుతో పని లేకుండా బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ ఆక్సిటోసిన్ ఇవ్వాలని. 1985లో రోజెన్‌ఫీల్డ్, డెబోరా మెయిన్ "లాన్సెట్"లో తల్లీబిడ్డల ఆరోగ్య పథకాల్లో తల్లి ఎక్కడ అని నిలదీశారు. 1987లో నైరోబీ సమావేశం జరిగింది. 1997లో ఐక్యరాజ్య సమితి సంస్థలు ఒక కొలత ఇచ్చాయి: 5 లక్షల జనాభాకి అత్యవసర ప్రసవ చికిత్స కేంద్రాలు నాలుగు, సిజేరియన్, రక్తమార్పిడి సౌకర్యాలున్నది ఒకటి. ఎవరికి ప్రమాదమో ఊహించే బదులు, ఎవరికి వచ్చినా అందుకునే ఏర్పాటు.

అలాగని పరీక్షలే దండగ అని తీర్మానించకండి. మనవాళ్లలో కొందరికి ఆ తొందర ఉంటుంది. ఉన్న జబ్బును కనుక్కోవడం వేరు, రాబోయే చిక్కును ఊహించడం వేరు. రక్తపోటు, మూత్రంలో ప్రోటీన్, హిమోగ్లోబిన్, రక్త గ్రూపు, సిఫిలిస్, హెచ్ఐవి పరీక్షలు ఉన్నదాన్ని పట్టుకుంటాయి, దానికి వైద్యం ఉంది. ఎత్తు, వయసు కేవలం సూచనలు. పరీక్షలు ఎన్నిసార్లన్నదీ తర్వాత ప్రయోగానికి పెట్టారు. అర్జెంటీనా, క్యూబా, సౌదీ అరేబియా, థాయిలాండ్‌లలో జరిపిన పరిశీలన 2001లో వచ్చింది. ఏ చిక్కూ లేనివాళ్లకు నాలుగుసార్లు చాలన్నారు. ఆ లెక్కలే మళ్లీ తిరగేస్తే 2013లో, 32 నుంచి 36 వారాల మధ్య శిశు మరణాలు ఆ పద్ధతిలో కాస్త ఎక్కువని తేలింది. 2016లో ఎనిమిదికి పెంచారు. పంచాంగకర్త ఎవరైనా ఇలా తన లెక్క తనే దిద్దుకోగా చూశారా?

మన దగ్గరికి వస్తే, 1946లో భోర్ కమిటీ వెయ్యి జననాలకు 20 మంది తల్లుల మరణాలని అంచనా వేసింది. 2004-06 నమూనా లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 254, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 154. 2018-20కి దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. మధ్యలో 2005లో జననీ సురక్షా యోజన వచ్చింది, అదే ఏడు హైదరాబాదులో 108 బండి మొదలైంది, ఆస్పత్రి కాన్పులు పెరిగాయి, కాన్పుల సంఖ్యా తగ్గింది. ఎవరి వాటా ఎంతో నేను విడదీయలేను. 2016లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ మొదలై, ప్రతి నెలా 9వ తేదీన డాక్టరు పరీక్ష, ప్రమాదం ఉంటే కార్డు మీద ఎర్ర స్టిక్కర్, లేకపోతే పచ్చ స్టిక్కర్ వచ్చాయి. ఎర్ర స్టిక్కర్ మీద నాకు ఫిర్యాదు లేదు. దానివల్ల బీపీ, రక్తహీనత ఉన్నవాళ్లు డాక్టరు కంట పడతారు. నా భయమంతా పచ్చదాని మీదే.

1986లో పుట్టిన ఆ బిడ్డ, నా మేనకోడలు, 2017లో కడుపుతో ఉన్నప్పుడు కార్డు తెచ్చి చూపించింది. "పచ్చదే మావయ్యా, ఏం భయం లేదట" అంది. మా అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. నేను వాళ్లాయన్ని పక్కకి పిలిచి, ఆ ఆస్పత్రిలో రక్తం నిల్వ ఉంటుందా, రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటాడా, బండి ఎంతసేపట్లో వస్తుంది అని అడిగాను. అతనికి తెలియదు. మర్నాడు ఇద్దరం వెళ్లి కనుక్కొచ్చాం.